కందిచేనులో బొగ్గుబాయోళ్ల గొంతు

ముందే చెబుతున్నా, ఇది నాకు జరిగింది. ఎవరో చెప్పగా విన్నది కాదు. ప్రతి ఆదివారం చర్చిలో కీబోర్డు వాయించేవాణ్ణి నేను. ఇందులో ఒక్క ముక్క కల్పించినా మళ్లీ ఆ కీబోర్డు ముందు కూర్చునే మొహం నాకు ఉండదు. కావాలంటే సలీంను అడగండి, అతనూ ఇదే చెబుతాడు. కాకపోతే అతను చెప్పేది వినాలంటే నోటి దగ్గర చెవి పెట్టాలి... ఎందుకో చెబుతా.

మధ్యలో నవ్వొస్తే నవ్వండి. నాకూ వస్తుంది. చివరికొచ్చేసరికి మాత్రం రాదు.

మాది నారాయణఖేడ్. బస్ డిపో దగ్గర నుంచి నాగల్‌గిద్దకు ఆటో నడుపుతాను. నాగల్‌గిద్ద అవతల, కర్ణాటక హద్దుకు దగ్గరగా మాకు కాస్త చేను ఉంది. ఏటా కంది వేస్తాం. సలీంది బస్టాండు ముందు సెల్‌ఫోన్ రిపేరు దుకాణం. మా దోస్తీ ఒక పొరపాటుతో మొదలైంది.

అప్పట్లో ఫోన్లో పాటలు కావాలంటే దుకాణానికి వెళ్లి మెమరీ కార్డులో ఎక్కించుకోవాలి కదా. క్రిస్మస్ ముందు నేను వెళ్లి, ఇంగ్లీషు క్రిస్మస్ పాటలు ఎక్కించమన్నాను. సలీం కొత్తగా దుకాణం పెట్టాడు. ఆ పాటలేవో అతనికేం తెలుసు? కంప్యూటర్లో బొమ్మలు చూసుకుంటూ పోయాడు. ఒక బొమ్మలో పాత చర్చి, పైన సిలువ, చుట్టూ మంచు. ఇదే అనుకొని ఎక్కించేశాడు.

పండగ రాత్రి చర్చి నిండా జనం. పాస్టరయ్య "ఇప్పుడు యూత్ వాళ్లు ఇంగ్లీషు పాట వినిపిస్తారు" అన్నారు. నేను స్పీకర్ ఆన్ చేశాను. ముందు గంట మోగింది... డాంగ్... డాంగ్... అందరూ తలలు వంచి కళ్లు మూసుకున్నారు. అప్పుడు వచ్చింది గర్జన. మనిషి గొంతని చెబితే నమ్మరు. కేకు పళ్లెం ఎవరి చేతిలోంచో కింద పడింది. ఆ కంగారులో స్పీకర్ ఆపే బటన్ నాకు దొరకలేదు. పాస్టరయ్య మాత్రం చాలా మెల్లగా అడిగారు.

"దాసూ, ఇది ఏ కీర్తన నాయనా?"

మర్నాడు సలీం చర్చి గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "మాఫ్ చెయ్యి బై. బొమ్మ చూసి ఎక్కిచ్చిన. గట్లుంటదని నాకేం ఎర్క?" అన్నాడు. తర్వాత అటూ ఇటూ చూసి, "కాని... ఒక్కపారి మల్ల పెడ్తవా? రాత్రి సడక్ మీదికెల్లి సగమే ఇన్న" అన్నాడు.

అదీ మొదలు. వాళ్లు ఇంగ్లాండు వాళ్లు. ఎప్పుడో మూతపడ్డ బొగ్గు గనుల ఊరి పిల్లలు. బ్యాండు పేరు మా నోటికి తిరగక, బొగ్గుబాయోళ్లు అని పిలుచుకునేవాళ్లం. మొదటి ఆల్బం అంతా పరుగే. రేకుల మీద వడగళ్లు పడ్డట్టు డ్రమ్ములు, వాటి మీద ఆ గర్జన. రెండోదానికి వేగం తగ్గింది, పాట బరువెక్కింది. మూడోదానిలో వయొలిన్ వచ్చింది, ఒక ఆడగొంతు వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది. సలీంకు ప్రాణం పోయినంత పనైంది. ఆ తర్వాత గర్జన సగం పాటల్లోనే. ఇంకొన్నాళ్లకు అది కూడా లేదు. అదే మనిషి, మామూలుగా పాడటం మొదలుపెట్టాడు.

"దగా చేసిండు రా దాస్! గసొంటి గొంతు పెట్టుకొని గీ జోలపాటలేంది?"

"మనిషన్నంక మారుతడు. ఎల్లకాలం ఒర్లుకుంటనే ఉండుమంటవా?"

"ఒర్లుడు కాదది. దిల్ల కెల్లి వస్తది."

డిపో ముందు చాయ్ తాగుతూ ఎన్నిసార్లు తగువులాడుకున్నామో. పక్కవాళ్లు ఏ ఎలక్షన్ గొడవో అనుకునేవాళ్లు. సలీం ఆ గర్జన సొంతంగా నేర్చుకున్నాడు కూడా. ఖాళీ ఆటోలో నాతో వచ్చేవాడు, ఊరు దాటగానే మొదలుపెట్టేవాడు. ముందు తొడ మీద అరచేత్తో రెండు దెబ్బలు... థప్, థప్. తర్వాత ముక్కుతో గట్టిగా గాలి పీల్చడం. అప్పుడు గర్జన. రోడ్డు పక్క మేకలు చెల్లాచెదురయ్యేవి. మేకల కాపరుల చేత మేం తిన్నన్ని తిట్లు నారాయణఖేడ్‌లో ఎవరూ తిని ఉండరు. ఆ రెండు దెబ్బలు గుర్తుపెట్టుకోండి. అవి రికార్డులో లేవు, సలీం అలవాటు అది.

తర్వాత అడవి పందుల బాధ ఎక్కువైంది. కంది కాయ పట్టిందంటే చాలు, రాత్రికి రాత్రి చేను దున్నేసేవి. కూరగాయల బండ్ల మీద అరుస్తుంది చూడండి, ఆ బ్యాటరీ మైకు తెచ్చి కుక్కల మొరుగుడు పెట్టాం. కొన్నాళ్లు భయపడ్డాయి, తర్వాత లెక్కచేయలేదు. అప్పుడు సలీం అన్నాడు, బొగ్గుబాయోళ్ల మొదటి ఆల్బం పెడదామని. పెట్టాం. ఒక్క పంది మా చేను గట్టు తొక్కితే ఒట్టు! అయితే నేను ఊరుకోలేదు. ఒక రాత్రి మూడో ఆల్బం పెట్టాను. వయొలిన్ మొదలయ్యేసరికి మంద వచ్చింది. ఆడగొంతు పాడుతుంటే నింపాదిగా నమిలింది. సలీం మంచె మీద పడీపడీ నవ్వాడు.

"పందులకు సుత సమజైంది, నీకే కాలే!"

నవ్వులు అంతవరకే.

సలీం గొంతు బొంగురుపోయింది. జలుబు అనుకున్నాం. ఎన్నాళ్లకూ తగ్గకపోతే హైదరాబాద్ దవాఖానాకు తీసుకెళ్లాను. గొంతులో గడ్డ ఉందన్నారు. ఆపరేషన్ చేశారు. ప్రాణానికి భయం లేదన్నారు, కానీ గొంతు తిరిగి రాలేదు. మిగిలింది గుసగుస. డాక్టర్ నన్ను పక్కకు పిలిచి చెప్పాడు, గట్టిగా అరవబోయాడంటే ఆ గుసగుస కూడా పోతుందని. ఆ మాట నా నెత్తిన రాయిలా కూర్చుంది.

దుకాణానికి వచ్చినవాళ్లు అద్దాల బల్ల మీదికి వంగి వినేవాళ్లు. సలీం నవ్వుతూనే ఉండేవాడు. కానీ ఆటోలో మొదటి ఆల్బం మొదలైందంటే, చెయ్యి చాపి ఆపేసేవాడు. నేను దాన్ని అన్నిచోట్లా తీసేశాను. మైకు పెన్‌డ్రైవ్‌లో కూడా మళ్లీ కుక్కల మొరుగుడే పెట్టాను.

అలా ఉండగా బొగ్గుబాయోళ్ల కొత్త ఆల్బం వచ్చింది. ఉత్త గిటారు, పక్కన కూర్చొని మాట్లాడినట్టు ఒక గొంతు, అంతే. పాడేవాడు ఎక్కడో చెప్పుకున్నాడట, గర్జించీ గర్జించీ తన గొంతు ఎప్పుడో చెడిపోయిందని, ఇన్నాళ్లు ఎవరికీ చెప్పలేదని. సలీం ఆటోలో కూర్చొని ఆ ఆల్బం మొత్తం విన్నాడు. అయిపోయాక నా చెవి దగ్గరికి వచ్చాడు.

"అరే దాస్... గాయన దగా చెయ్యలే రా. గాయన గొంతు పోయింది. ఉన్నదానితోని పాడుతుండు."

నాకు రోడ్డు కనబడలేదు. ఆటో పక్కకు ఆపి కళ్లు తుడుచుకున్నాను.

ఇక ఆ రాత్రి.

పోయిన చలికాలం. కంది కోతకు వచ్చింది. సలీం తోడు వస్తానన్నాడు. పిలవడానికి గొంతు లేదు కదా, అందుకని నేనొక ఈల కొనిచ్చాను. మెడలో వేసుకున్నాడు. మంచె చేనుకు ఈ చివర. మైకు ఆ చివర, వాగు పక్కన ఒక గుంజకు కట్టి ఉంది. మధ్యలో మనిషెత్తు కంది. బాగా మంచు పడుతోంది.

ఉన్నట్టుండి మైకు ఆగిపోయింది. "బ్యాటరీ అయిపోయినట్టుంది, మార్చొస్త" అని సైగ చేసి సలీం దిగాడు. నేను వెళ్తానన్నా వినలేదు. కొత్త బ్యాటరీ జేబులో వేసుకొని టార్చితో నడిచాడు. ఆ వెలుగు కాసేపు కంది కొమ్మల మధ్య కదిలింది... తర్వాత మంచులో కలిసిపోయింది.

కుక్కల మొరుగుడు లేకపోయేసరికి చేను ఎంత నిశ్శబ్దంగా ఉందంటే... నా చేతి గడియారం చప్పుడు వినబడింది.

అప్పుడు... కర్... కర్... కాయలు నమిలే చప్పుడు. ఒకచోట కాదు. నాకూ సలీంకూ మధ్యలో అంతటా. ఎక్కడో ఒక పెద్ద గురక. వచ్చింది మంద ఒక్కటే కాదు, దాని వెనకాలే ఒంటిపంది కూడా ఉంది, మందలో కలవని పెద్ద మగపంది. ఒంటిపంది ఎదురుపడితే ఏం చేస్తుందో మా దగ్గర పిల్లలను అడిగినా చెబుతారు.

ఈల వినబడింది. ఒక్కసారి. పొట్టిగా. సగంలో తెగిపోయింది.

నేను మంచె మీద నుంచి దూకేశాను. "సలీం! అరవకు! నేనొస్తున్న, అరవకు!" అని ఒర్లుకుంటూ పరుగెత్తాను. చూడండి నా భయం ఎక్కడుందో. పంది పొడుస్తుందని కాదు. భయంతో వాడు అరుస్తాడేమో, ఉన్న ఆ కాస్త గొంతూ పోతుందేమో అని.

కొమ్మలు మొహానికి కొడుతున్నాయి. కాలికి ఏదో తగిలి పడ్డాను. లేవబోతుంటే...

థప్.

థప్.

లేవబోయినవాణ్ణి అలాగే నేలకు అతుక్కుపోయాను. ఆ తర్వాత... గాలి పీల్చిన చప్పుడు. ముక్కుతో. చాలా పొడుగ్గా... మంచునంతా లోపలికి లాగుతున్నట్టు. ఎటువైపు నుంచో చెప్పలేను. నా ముందు నుంచి అనిపించింది. నా వెనక నుంచి కూడా అనిపించింది.

అప్పుడు గర్జన.

ఆపరేషన్‌కు ముందు ఆటోలో విన్నదే. కాదు... అంతకన్నా పెద్దది. చేతుల కింద నేల అదిరింది. అది ఆగలేదు. ఒక మనిషి ఎంతసేపు ఊపిరి పట్టగలడో అంతసేపూ దాటింది, ఇంకా వస్తూనే ఉంది. పందులు నన్ను రాసుకుంటూ వాగువైపు కాకుండా హద్దు అవతలికి పరుగెత్తాయి. ఒకదాని వెంట్రుకలు నా మోచేతిని గీరాయి.

తర్వాత ఏమీ లేదు. ఆకుల మీద నుంచి మంచు నీళ్లు కారడం తప్ప.

సలీం గట్టు మీద కూర్చొని ఉన్నాడు. ఈల కింద పడి ఉంది. ఒళ్లో మైకు. నేను టార్చి లాక్కొని ముందు నోరు తెరవమన్నాను. నెత్తురు లేదు.

"ఎందుకురా ఒర్లినవ్? నీ గొంతు ఏం గావాలె?" అని ఏడ్చేశాను.

అతను నన్ను వింతగా చూశాడు. నా మెడ పట్టి చెవి దగ్గరికి లాక్కున్నాడు.

"నేనెక్కడ ఒర్లిన? నువ్వు గదా?"

"నేనా? నాకొస్తదా గట్ల?"

"మరి... మైకు నా ఒళ్లనే ఉంది. బ్యాటరీ నా జేబులనే ఉంది."

బయటికి తీసి చూపించాడు. ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకొని తెల్లారేదాకా ఆ గట్టు మీదే ఉన్నాం. మంచె దాకా నడిచే ధైర్యం లేదు.

తెల్లారాక చూస్తే ఒంటిపంది గిట్టల గుర్తులు గట్టు దాకా వచ్చి ఉన్నాయి. సలీం కూర్చున్న చోటికి చెయ్యి చాపితే అందేంత దగ్గర. అక్కడ మట్టిని లోతుగా చీరి, వెనక్కి తిరిగాయి.

హద్దు అవతలి చేను శివరాయప్పది. అటువైపు కన్నడం, పాటను వాళ్లు హాడు అంటారు. నన్ను చూడగానే అన్నాడు.

"ఏం దాసన్నా, రాత్రి మల్ల పాత హాడు పెట్టినవ్? మస్తు దినాలాయె విని."

"ఎటు దిక్కుకెల్లి వినబడ్డది?"

చెయ్యి గాలిలో గుండ్రంగా తిప్పాడు. "ఎటేంది... చేను చేనంతట" అన్నాడు.

పెన్‌డ్రైవ్‌ను దుకాణంలో కంప్యూటర్‌కు పెట్టి చూశాం. కుక్కలు తప్ప ఏమీ లేవు. సలీంను మళ్లీ హైదరాబాద్ తీసుకెళ్లాను. డాక్టర్ లైటు వేసి చూశాడు. గొంతు ఎలా ఉండేదో అలాగే ఉందన్నాడు, ఈ గొంతుతో అరవడం అయ్యే పని కాదన్నాడు. నాకు గుండె నిమ్మళమైంది. మరుక్షణమే అనుకున్నాను, అరిచింది అతను కాకపోతే... మరి ఎవరు?

సలీమే అరిచి నా కోసం దాస్తున్నాడా అని ఒక్కోసారి అనుకుంటాను. మరి ఆ గొంతు నలగలేదేం? కూర్చున్నచోటు నుంచి అది చేను చేనంతట ఎలా వినబడింది? ఎంత ఆలోచించినా తెగదు.

ఈ ఏడు కూడా కంది వేశాం. మళ్లీ కాయ పట్టింది. మొన్న ఇద్దరం మంచె ఎక్కాం. సలీం తను తెచ్చిన దుప్పటి నాకు కప్పి, మైకు ఆపేయమని సైగ చేశాడు. ఆపాను. చాలాసేపు విన్నాం... ఏమీ రాలేదు. సలీం చెయ్యి అలవాటుగా తొడ మీద పడింది. థప్, థప్. అక్కడే ఆగిపోయింది. నా వైపు వంగాడు.

"ఒర్లింది నేనే అయితే మస్తుంటుండె గదరా, దాస్."

టార్చి ఆర్పేసి, దుప్పటిలో సగం వాడికి కప్పాను.