రెండు ఉగాదులు పడిన ఏడాది

1984 ఏప్రిల్ 2, సోమవారం, ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు బెంగాల్లోని ఖిదిర్‌పూర్‌లో మా పిండి మర మొదటిసారి తిరిగింది. ఆ రోజు ఉగాది. స్విచ్ నేను వేశాను. మొదటి కిలో బియ్యం మా తోడికోడలు పోసింది. తొమ్మిదీ యాభైకి కరెంటు పోయింది. ఈ మూడు సంగతులూ నా చిట్టా పుస్తకం మొదటి పేజీలో ఉన్నాయి.

మా ఆయనా, మా మరిదీ రేవులో పనిచేసేవారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు మా చుట్టూ చాలా ఉండేవి. ఇడ్లీకి రవ్వ, అట్లకు పిండి, ఆడించిన కారం అందరికీ కావాలి. తోడికోడలు నాకన్నా తొమ్మిదేళ్లు చిన్నది. మర దగ్గర నిలబడే ఓపిక ఆమెది, రాసే ఓపిక నాది. లైసెన్సు నా పేరున తీసుకున్నాం.

మా గదికి కుడిపక్క మిఠాయి దుకాణం బెంగాలీలది. ఆ బెంగాలీలు తమ సంవత్సరాదికి, ఏప్రిల్ నడుమ, కొత్త ఖాతా పుస్తకం తెరిచి వచ్చినవాళ్లకు సందేశ్ పెట్టేవారు. ఎడమపక్క బట్టల కొట్టు మార్వాడీలది. వాళ్ల పుస్తకం దీపావళికి మారేది. ఎవరి సంవత్సరం వాళ్లకుండగా మనది మనకెందుకు ఉండకూడదనుకున్నాను. ఉగాదికి ముందురోజు బస్తాలు లెక్కపెట్టి, మొత్తాలు వేసి పుస్తకం ముగించేదాన్ని. మర్నాడు కొత్త పుస్తకానికి పసుపు పెట్టేదాన్ని.

పన్ను కాగితాలు రాసిపెట్టే పెద్దమనిషి ఒకాయన మా వీధి చివర కూర్చునేవాడు. అందరూ ఉకీల్‌బాబు, అంటే వకీలుగారు, అనేవారు. నన్ను ఆయన బౌదీ, అంటే వదినా, అని పిలిచేవాడు. ఆయన్ని అడిగితే, "మీ ఏడాది ఎప్పుడు మొదలైనా సర్కారుకు అభ్యంతరం లేదు, బౌదీ. పన్నెండు నెలలుంటే చాలు" అన్నాడు. అప్పట్లో రూలు అదే. మొదటి మాట పట్టుకుని ఇంటికొచ్చాను. రెండో మాట మీద దృష్టి పెట్టలేదు.

మా ఆదాయం పన్ను పడేంత కాదు. 1987 నాటికి ఏడాదికి పద్దెనిమిది వేల దాకా పన్ను లేదు. నాకు ఏ ఏడూ పదహారు వేలు మిగలలేదు. అయినా ఏటా రిటర్ను వేసేదాన్ని.

"అడగనోడి దగ్గరికి మనమే ఎల్లి లెక్కలు సెప్పడమేటక్కా?" అనేది తోడికోడలు. "ఆఫీసరుకి నీ దస్తూరీ సూపించుకోడానికేటి?"

"ఎప్పుడో ఒకప్పుడు బ్యాంకువాళ్లు అడుగుతారు."

"అడిగినప్పుడు సూద్దుం."

1987 జూన్‌లో అడిగారు. గది యజమాని మేడ మీద ఉండే ముసలాయన. ఇల్లు ముక్కలుగా అమ్మేస్తున్నాననీ, మీ గది ముందు మీకే ఇస్తాననీ అన్నాడు. వెల ముప్పై ఎనిమిది వేలు. బయానా ఐదు వేలు, అందులో మూడు వేలు తోడికోడలివి. మిగతాది సెప్టెంబరు 30లోగా ఇవ్వకపోతే బయానా తిరిగి రాదనీ, నెలలోగా గది ఖాళీ చేస్తామనీ కాగితం రాసుకున్నాం. నేనే సంతకం చేశాను. బ్యాంకు పాతిక వేలు అప్పిస్తానంది. తక్కువ పడే ఎనిమిది వేలు మా ఆయనా, మా మరిదీ రేవులో అప్పు తీసుకుంటామన్నారు. మూడేళ్ల పన్ను కాగితాలు, ఆఫీసరు తేల్చినవి, తెమ్మంది.

మూడో రిటర్ను జూన్ 29న వేశాను. ఆగస్టులో పన్ను ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. 18వ తేదీ, మంగళవారం, పదకొండున్నరకు పుస్తకాలు సంచిలో వేసుకుని ఇద్దరం వెళ్లాం.

ఆఫీసరు కుర్రవాడు కాదు, ముసలివాడూ కాదు. చిట్టా తిప్పుతూ ఒకచోట ఆగాడు.

"ఈ గంటలేమిటి, దీదీ?"

"కరెంటు పోయిన వేళలు."

"మా ఇంట్లో ఎప్పుడు పోయిందో కూడా ఇందులో చూసుకోవచ్చన్నమాట." నవ్వి, పెన్సిల్ కింద పెట్టాడు. "లెక్కలో తప్పు లేదు. సంవత్సరంలో ఉంది."

తన బల్ల మీది క్యాలెండరు నావైపు తిప్పాడు. ప్రభుత్వానికి ఏడాదంటే ఏప్రిల్ ఒకటి నుంచి మార్చి ముప్పై ఒకటి. ఎవరి పుస్తకం ఆ నడుమ ఏ రోజున ముగిస్తే ఆ ఏటి లెక్కలో పడుతుంది. దీపావళి ముందుకూ వెనక్కూ జరిగినా శీతాకాలం మొదట్లోనే ఉంటుంది. బెంగాలీ సంవత్సరాది ఏప్రిల్ నడుమ నుంచి కదలదు. మన ఉగాది ఒక్కటే మార్చి ముప్పై ఒకటికి ఇటొకసారి, అటొకసారి పడుతుంది. 1985లో మార్చి 22న వచ్చింది. ఆ ఏడు శ్రావణం రెండుసార్లు వచ్చింది కాబట్టి తర్వాతి ఉగాది 1986 ఏప్రిల్ 10కి జరిగింది. ఆ పైది 1987 మార్చి 30. అంటే మధ్యలో ఒక ప్రభుత్వ సంవత్సరంలో ఉగాదే లేదు. తర్వాతి దాంట్లో రెండున్నాయి. నా లెక్కన ఒక ఏడు ఏమీ సంపాదించలేదు, మరుసటి ఏడు రెండేళ్ల సంపాదన ఒకేసారి వచ్చింది. పైగా ఆ రెండేళ్లలో మొదటిది పదమూడు నెలలది. రెండూ కలిపి ఇరవై ఎనిమిది వేలు. పన్ను రెండు వేల ఆరువందల యాభై. బ్యాంకుకు చూపాల్సిన మూడేళ్లలో ఒకటి ఖాళీ.

నేను పంచాంగం చూడకుండా ఒక్క పని చేయను. ఏ ఏడు అధిక మాసమో నాకు ముందే తెలుసు. దాన్ని పన్ను కాగితం పక్కన పెట్టి చూడాలని మాత్రం తోచలేదు.

"ఏప్రిల్ నుంచి మార్చికి తిరగరాసి తీసుకురండి" అన్నాడు ఆఫీసరు. "ప్రతి మార్చి 31కీ గదిలో ఉన్న సరుకు చూపించండి. ఏ ఏటిది ఆ ఏటికి తేలుస్తాను."

తొమ్మిది రోజుల్లో తిరగరాశాను. 1985, 1987 మార్చి నెలాఖరులకు చిట్టాలో ఆధారం దొరికింది. 1986కి దొరకలేదు. ఏప్రిల్ 9న లెక్కపెట్టిన బస్తాల నుంచి వెనక్కి వెళ్దామంటే, పండగ ముందు పది రోజుల రద్దీలో బియ్యప్పిండి, మినప్పిండి, కారం విడివిడిగా రాయకుండా రోజు మొత్తం ఒకే అంకెగా వేశాను. నా పుస్తకాల్లో అలాంటి పది రోజులు అవే. ఎటు తిప్పి వేసినా ఏడు, ఎనిమిది బస్తాల మధ్య తేలింది.

"ఏడున్నర అని రాయండి, బౌదీ" అన్నాడు ఉకీల్‌బాబు.

"లెక్కపెట్టలేదుగా."

"ఎవరు లెక్కపెడతారు? అవి ఏనాడో ఇడ్లీలైపోయాయి."

అంకె రాసి, పక్కన ఇంగ్లీషులో 'అంచనా' అని రాయబోయాను. ఆయన నా పెన్ను మీద చెయ్యి పెట్టాడు. ఆ మాట ఉంటే ఆఫీసరు అలాగే సంతకం చేయలేడనీ, పరిశీలనకు పంపాలనీ చెప్పాడు. తోడికోడలు అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడి వింటోంది.

"ఆ మాటొగ్గేయక్కా" అంది. "అరబస్తా తేడాకి గదొగ్గేసుకుంటామేటి?"

"రేపు తేడా బయటపడితే సంతకం నాది."

"సంతకం నీదే. మూడేలు నాయి."

నేను ఆ మాట రాశాను. ఆఫీసరు దాని కింద పెన్సిల్‌తో గీత గీశాడు. "ఇది రాయకుండా ఉంటే ఈరోజే అయిపోయేది, దీదీ" అన్నాడు. కోపంగా కాదు. కాగితాలు పరిశీలనకు వెళ్లాయి. సెప్టెంబరులో నాలుగుసార్లు వెళ్లి అడిగాను. తర్వాత పూజ సెలవులు వచ్చాయి. 30వ తేదీ దాటింది. యజమాని గదిని చెప్పుల వ్యాపారికి అమ్మాడు. అద్దెకున్నవాళ్లను ఎవరూ కదిలించలేరు, ఊరుకోండని వీధిలో అందరూ అన్నారు. ఖాళీ చేస్తామని నేను రాసిచ్చాను. అక్టోబరు 31, శనివారం, ఖాళీ చేశాం.

డిసెంబరులో కాగితాలు వచ్చాయి. ఏడున్నర బస్తాలు ఒప్పుకున్నారు. మూడేళ్లకూ పన్ను సున్నా.

రెండేళ్లు తిరక్కుండానే ప్రభుత్వం అందరికీ ఒకటే సంవత్సరం చేసింది. ఇప్పుడు ఎవరూ నాలాగా చిక్కుకోరు. అయినా చిన్న దుకాణం పెట్టుకున్న ఆడవాళ్లు కాగితాలు పట్టుకుని వస్తే నాకు తెలిసింది చెబుతుంటాను. పండగకు కొత్త పుస్తకం కావాలంటే తెరుచుకోండి, కాని మార్చి 31 సాయంత్రం ఎంత పని ఉన్నా బస్తాలు లెక్కపెట్టి, తేదీ వేసి, పక్కనున్నవాళ్ల చేత సంతకం చేయించండి. రద్దీ రోజునే విడివిడిగా రాయండి, తీరిక రోజు ఎలాగూ రాస్తారు. పన్ను పడకపోయినా రిటర్ను వేయండి, రసీదు దాచండి. బ్యాంకు అడిగే నాటికి కాగితాలు తేలి ఉండాలి కాబట్టి గది మాట ముందు, కాగితాల మాట తర్వాత పెట్టుకోకండి.

అంచనాను అంచనా అని రాయమని కూడా చెప్పాలి. చెబుతాను, కానీ ఆ మాట దగ్గర గొంతు తగ్గుతుంది. ఆ మాట నా సంతకాన్ని కాపాడిందన్నది నిజం. దాని ఖరీదులో పెద్ద వాటా ఇచ్చింది నేను కాదు. వద్దని చెప్పిన మనిషి ఇచ్చింది. ఆమె మూడు వేలు నేను ముందు ఆమె చేతిలో పెట్టి ఆ తర్వాత రాసి ఉంటే నా నిజాయితీ నా ఖర్చు మీద నడిచేది. అప్పట్లో నా దగ్గర అంత లేదు. లేనప్పుడు కనీసం ఆమెను కూర్చోబెట్టి అడగాల్సింది. అడగలేదు. తోడికోడలు పెద్దమాటలేవీ అనలేదు. "నువ్వు రాసుకో అక్కా, నాను బతుకుతాను" అంది, అంతే. ఒక బడిలో వంటకు కుదిరింది.

పోయినవి:

బయానా ఐదు వేలు. అందులో తోడికోడలివి మూడు వేలు, నావి రెండు వేలు. ఆమెవి నేను ఆరేళ్లలో తీర్చాను.

మర, మోటారు కొన్నది తొమ్మిది వేల ఆరువందలకు, అమ్మింది నాలుగు వేల నూటికి. పోయింది ఐదు వేల ఐదువందలు.

నెలవారీ ఖాతా ఉన్న ఇళ్లు అరవై ఒకటి.

పదకొండు అడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల పొడవు ఉన్న గది ఒకటి.

తోడికోడలు మా గడప తొక్కని నెలలు పందొమ్మిది.