ఆదిశేషమ్మ కట్టేయని కుక్క

భర్త పోయిన మూడో ఏట ఆదిశేషమ్మ చేలో పందికొక్కులు పడ్డాయి. అల్లూరుకు తూర్పున, ఉప్పుగాలి తగిలే ఆ మొలగొలుకుల వరిమడిలో కోతకు ముందే కంకులు తెగి రాలాయి. గట్లు లోలోపల బోలుపడి నీళ్లు కారిపోయాయి. బావగారు పద్మనాభయ్య వచ్చి చూసి, "ఆడమనిషి సేద్యం ఇంతేనమ్మా. నాకు కౌలుకిచ్చేసి ఇంట్లో కూచో," అన్నాడు.

ఆమె మర్నాడు బస్సెక్కి బోగోలు దగ్గరున్న మిషన్ బంగళాకు పోయింది. అక్కడ దొరల టెర్రియర్ కుక్క ఈనిందనీ, ఆ జాతి బొరియలో దూరి మరీ ఎలుకల్ని పడుతుందనీ సంతలో విన్నది.

కుక్కల్ని సాకే తోటమాలి హెబ్రోను గంపలోని పిల్లల్ని చూపించాడు. ఒకటి నిద్రపోతోంది. ఒకటి వచ్చి ఆమె కాలివేళ్లు నాకింది. నల్లచెవి పిల్ల మాత్రం చేదతాడు పట్టుకుని గుర్రుమంటోంది. హెబ్రోను తాడు పైకెత్తితే దాంతోపాటు గాల్లోకి లేచింది గాని పట్టు వదల్లేదు.

"అదీ నాక్కావాల్సింది," అంది ఆదిశేషమ్మ.

"వద్దమ్మా. పని లేకపోతే అది ఇల్లు పీకి పందిరేస్తాది. రెండు పూటలా అలిసేదాకా పరిగెత్తించాల. కట్టేసినారంటే చెడిపోతాది. ఈ నాకేదాన్ని తీసుకోండి."

"నన్ను నాకేది నాకెందుకు హెబ్రోనూ?"

పెద్దకులపామెను తన ఇంటి అరుగు మీద కూర్చోమనడానికి అతను జంకాడు. ఆమే కూర్చుంది. మంచినీళ్లు అడిగి తాగింది. తిండి సంగతి, చెవుల్లో చేరే గోమార్ల సంగతి అన్నీ అడిగి తెలుసుకుంది. ఆమె పిల్లను చంకనేసుకుని ఊరు చేరేసరికి ఆ నీళ్ల కబురు ముందే చేరింది.

దానికి 'మొండి' అని పేరు పెట్టింది. తొలి నెలల్లో మొండి చెప్పులు కొరికింది, దడి పడగొట్టింది, సొంత కోడినే చంపింది. ఆమె కర్ర ఎత్తలేదు. చీర ఎగదోపి, నవ్వే జనం ముందే కాలవగట్టు మీద దాంతో రోజురోజుకీ ఇంకొంత దూరం నడిచింది. ఎండుచేపల పులుసుతో అన్నం కలిపి, పిలిస్తే వచ్చాకే పెట్టింది. సాయంత్రం ఒళ్లో పడుకోబెట్టుకుని గోమార్లు ఏరి వేపనూనె రాసింది.

మరుసటి పంటకు మొండి బొరియల్లో దూరి పందికొక్కుల్ని ఈడ్చి పడేయసాగింది. అలా ఒకదాన్ని తరుముతూ పద్మనాభయ్య గట్టు తవ్వేసింది. ఆయన పాలేర్లతో వచ్చిపడ్డాడు.

"దాన్ని కట్టెయ్. లేదా కొట్టి చంపిస్తా!"

"గట్టు పూడుస్తా బావా. కుక్కను కట్టను."

"వాళ్లింట నీళ్లు తాగినప్పుడే మా పరువు తీసినావు. ఇంక మా కళ్లంలో కాలు పెట్టబాక!"

"పెట్టను. దాని మీద ఒక్క దెబ్బ పడితే మాత్రం నేను ఊరుకోను. ఏం చేస్తానో నాకే తెలీదు."

పాలేర్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరూ కర్ర ఎత్తలేదు. ఆమె పలుగూ పారా తెచ్చి ఆ గట్టు తానే పూడ్చింది. తన మడి చివర నేల చదును చేసి, పేడ అలికి, వేరే కళ్లం వేసుకుంది. వడ్లు ఇంటికి చేరుతుంటే జనం ఆగి చూశారు.

తర్వాతి ఏడు పద్మనాభయ్య మడిలోనే బొరియలు లేచాయి. ఆయన దడి అవతల నిలబడి, "ఆ కుక్కను రెండు రోజులు పంపమ్మా," అన్నాడు.

"అది నేను లేకుండా ఎక్కడికీ పోదు బావా. హెబ్రోను దగ్గర ఇంకో ఈత పిల్లలుండాయి. పొయ్యి అడగండి. మంచినీళ్లిస్తాడు, తాగండి."

ఆయన హెబ్రోను దగ్గరికి పోలేదు. ఆమె పొమ్మని బతిమాలనూ లేదు. ఆ వారమే ఒక ముసలి పందికొక్కు మొండి మూతి చీల్చింది. ఆదిశేషమ్మ పుండు కడిగి పసుపద్ది, రెండు పూటలు ఇంట్లో ఉంచాలని చూసింది. అది తలుపు గీకి గీకి ప్రాణం తీసింది. "పద, నీ ఇష్టం," అంటూ పార భుజానేసుకుని, దాని వెనకే మడి దారి పట్టింది.