నరసింగరావు మిషను దాటి ఏదీ పోదు

బొబ్బిలి నరసింగరావుకి ఉన్నది ఒకటే జబ్బు. ఏదీ నేరుగా పోనివ్వడు, మధ్యలో తను దూరాల్సిందే. ఆటోవాణ్ణి ఎవరైనా "స్టేషనుకి వస్తావా?" అంటే, ఎదురు కొట్లోంచి "వస్తాడు, ఎక్కండి" అంటాడు. గుడిలో పంతులు గోత్రం అడిగితే పక్కవాళ్ళదీ తనే చెప్పేస్తాడు.

అతని ఇంటర్నెట్ సెంటరూ అంతే. ఎవరేం తెరిచినా ఆ పేజీ కావాలన్న కబురు ముందు మూలనున్న పెద్ద మిషనుకి పోతుంది. ఒకసారి తెచ్చిన పేజీకి అది నకలు దాచుకుని, తర్వాత అడిగినవాడికి ఆ నకలే అంటగడుతుంది. వాడికి మాత్రం ఎక్కడినుంచో కొత్తగా వచ్చినట్టే ఉంటుంది.

"ఓపాలి తెచ్చినదానికి మళ్ళీ ఎళ్ళాలేటి? మనకాడే ఉన్నాది కదా!" అంటాడు. ఆ నకళ్ళ పుణ్యమా అని గంగులు మేస్త్రి నిన్నటి క్రికెట్ స్కోరు చూసి ఇవాళ వీధంతా మిఠాయి పంచాడు. అప్పటికి ఇవాళ్టి ఆట ఓడిపోయి గంటయింది.

ఇంటర్ ఫలితాల రోజు మాత్రం జనమంతా అక్కడే. మిగతా చోట్ల పేజీ తెరుచుకోదు. ఇతను ఫలితాలు వదిలిన క్షణమే కాలేజీ పిల్లల హాల్ టికెట్ నంబర్లన్నీ కొట్టి పేజీలు తెచ్చిపెట్టుకుంటాడు. అయినా ఏటా నలుగురైదుగురికి "మిషను పాడైంది, లోపలికి రండి" అనే వస్తుంది. అదేం చిత్రమో, ఒక ఏడు అక్క ఫలితానికి తోడొచ్చినప్పటినుంచీ ఇంటర్ చదివే అర్చనకి అంతుపట్టలేదు.

రెండువేల పదమూడులో తన వంతే వచ్చింది. లెక్కలు ముంచేస్తాయేమోనని దారంతా మొక్కుకుంటూనే వచ్చింది. పక్కన తన క్లాసు సింధూరికి ఫస్టుక్లాసు పేజీ చటుక్కున వచ్చింది. వెనక అందరూ మెడలు సాచి చూస్తున్నారు. అర్చన నంబరు కొట్టింది.

"మిషను పాడైంది, లోపలికి రండి."

"నాకాడికొచ్చేసరికే పాడవ్వాలేటి!" అని విసవిసా లోపలికెళ్ళింది.

బెంచీ మీద ముగ్గురు కూర్చున్నారు. చేతుల్లో సోడాలు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అర్చనకి అర్థమైపోయింది. మిషనుకేమీ కాలేదు. తప్పినవాళ్ళ పేజీలు ఆపేసి, వాళ్ళని నరసింగరావే ఈ గదికి మళ్ళిస్తున్నాడు.

"లెక్కల్లో నాలుగు మార్కులు తగ్గినాయి తల్లీ," అన్నాడు మెల్లిగా. "ఇదిగో, సప్లిమెంటరీ కాయితంలో నీ పేరు రాసేసినాను, సంతకం ఎట్టు. ఏడుపొస్తే ఇక్కడే ఏడు. అంతమందిలో ఎందుకు?"

"బయట నీ మిషన్లని తిడతన్నారు బాబాయ్!"

"తిట్టనీ. మిషనుకి సిగ్గేటి?"

అర్చన తనివితీరా ఏడ్చింది, సంతకం పెట్టింది, సోడా తాగింది. ఆ మనిషి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. కళ్ళు తుడుచుకుని తలుపు తీసి, వీధి చివరిదాకా వినబడేలా అరిచింది:

"ఏటి బాబాయ్ ఈ డొక్కు మిషన్లు! బాగు సేయించలేవా?"

"అలా గడ్డి పెట్టు!" అంది గుంపంతా.