మాట మానిన కుండ

ధన్‌హాంగ్ ఉన్నన్నాళ్లూ ఆ ఇంట్లో తెల్లవారడం ఒక్కతీరుగానే ఉండేది. రాగులు పులియబెట్టి తోంగ్బా అనే మత్తు పానీయం చేసేది అతని భార్య సిరిహాంగ్మా. పొద్దున్నే టీ కన్నా ముందు కుండకు చెవి ఆనించేది మాత్రం అతను.

"ఏమంటోంది?" అని ఆమె పొయ్యి దగ్గర్నుంచే అడిగేది.

"నీమీద చాడీలు చెప్తోంది" అనేవాడు.

ఇప్పుడు కుండ దగ్గర ఎవరూ కూర్చోవడం లేదు. ఆమె టీ తాగి నేరుగా యాలకుల తోటలోకి దిగిపోతోంది.

అతను పోయిన మైల విడిపించే విందు దగ్గరపడింది. ఆ రోజు పెద్దలకు పోసే తోంగ్బా ఆ ఇంటి ఆడదాని చేతిదే కావాలి. చెడిపోతే పక్కింటినుంచి తెచ్చుకోవచ్చు, ఎవరూ కాదనరు. కానీ ఆ పొయ్యికి ఇక సత్తువ లేదన్న మాట ఊరంతా పాకుతుంది.

సిరిహాంగ్మా రాగులు ఉడికించి, చాప మీద ఆరబోసి, గోరువెచ్చగా ఉండగా పులియబెట్టే బిళ్ల నలిపి చల్లింది. ఆకులు పరిచిన బుట్టలో గింజ వేడెక్కి తీపి వాసన వేసింది. అప్పుడు కుండలో అదిమి నింపి, మూతి చుట్టూ మట్టి మెత్తింది. మొదట్లో కుండ బుసబుసమంది. తర్వాత గొంతు తగ్గింది. ఆ తర్వాత అసలే మాట మానేసింది.

సాయానికి వచ్చిన ఆడపడుచు మణిమాయ చెవి పెట్టి చూసింది.

"వదినా, చప్పుడే లేదు. ఇది చచ్చింది."

"చావలేదు. తీపి తినడం అయిపోయింది. ఇప్పుడు నిదానంగా ఘాటు పడుతోంది."

"లోపల చూశావా ఏంటి?"

"నువ్వు కడుపుతో ఉన్నప్పుడు ఎవరైనా లోపల చూశారా?"

మణిమాయ నవ్వింది కానీ చెయ్యి మట్టిమీద నుంచి తీయలేదు. "కాస్త తీసి ఇంకో బిళ్ల వేద్దాం. అన్నయ్యుంటే తీసేవాడే."

"మీ అన్నయ్య చెవి పెట్టేవాడు. చెయ్యి పెట్టేవాడు కాదు. పోయినేడు మీ ఇంట్లో కుండ ఎందుకు పుల్లబడింది? రోజూ తీసి చూసుకున్నావు, గాలి తగిలింది. అంతా పందికి పోశారు."

"పంది మాత్రం వంక పెట్టలేదు" అని గొణుక్కుంటూ మణిమాయ చెయ్యి తీసింది.

ఆమె నీళ్లకు వెళ్లాక సిరిహాంగ్మా మొదటిసారి తానే చెవి ఆనించింది. ఏమీ వినిపించలేదు. అరచెయ్యి పెట్టింది. వేడీ లేదు, చలువా లేదు. మట్టి దగ్గర ముక్కు పెడితే పులుపు తగల్లేదు, బాగా మాగిన పండు వాసన సన్నగా వచ్చింది. చాలనుకుని లేచిపోయింది.

విందు రోజు మట్టి తనే పగలగొట్టింది. వెదురు గిన్నెల్లో గింజ నింపి, ఘాటు దిగేలా వేడినీళ్లు పోసింది. అందరిలో పెద్దవాడు, ధన్‌హాంగ్ బాబాయి, సన్నటి గొట్టం నోట పెట్టుకుని పీల్చాడు. వాకిలంతా ఆయన గొంతు వైపే చూసింది. ఆయన బాగుందనలేదు. గిన్నె ముందుకు చాపాడు.

"నీళ్లు అయిపోయాయి కోడలా. అలా నిలబడ్డావేం?"

"నేను ముందే చెప్పాను కదా, బాగా కుదురుతుందని" అంది మణిమాయ పక్కవాళ్లతో.

మైల తీరిందని పెద్దాయన పలికాడు. చుట్టాలు కొండ దిగారు. వాకిలి నిండా గిన్నెలు. మణిమాయ వాటిని కడగడానికి ఒళ్లో పోగేసుకోబోయింది.

"అక్కడే ఉంచు. గింజలో ఇంకా పస ఉంది" అంది సిరిహాంగ్మా.

రెండు గిన్నెల్లో కొత్తగా నీళ్లు పోసి, ఒకటి ఆడపడుచుకిచ్చి మెట్టుమీద కూర్చుంది. మిగతావి ఎక్కడివక్కడే ఉన్నాయి.