అన్నయ్య చెరువుకి పత్తిచెక్క

అన్నయ్య పోయిన మరుసటి ఏడాది వదిన ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసింది. "శ్రీనూ, చేపలు మేత ముట్టటంలేదు. పది రోజులైంది. ఇట్లాగే ఉంటే చెరువు కౌలుకిచ్చెయ్యమంటున్నాడు మా తమ్ముడు." అద్దంకి దగ్గర కాలువ పక్కన అన్నయ్య ఇష్టపడి తవ్వించుకున్న చెరువది. ఎండుచేపల పొడి కలిపిన మేత కొనలేక, "చేపకి చేపనే మేపడం ఏందిరా, చుట్టూ ఇంత పత్తి పెట్టుకుని!" అని విసుక్కునేవాడు. పత్తిగింజల నుంచి నూనె తీశాక మిగిలే చెక్కతో మేపాలని ఆయన కోరిక. అది తీరకుండానే వెళ్ళిపోయాడు. వదిన ఇప్పుడు ఆ పనే మొదలుపెట్టింది. చెక్క బూజు పట్టిందేమోనని నా అనుమానం. కొత్తది కొని పట్టుకెళ్దామని బయల్దేరాను.

ఒంగోలులో ఆరుంపావుకి బస్సెక్కితే ఎనిమిదిన్నరకల్లా చిలకలూరిపేటలో దిగాను. అప్పట్లో టికెట్ ముప్ఫై రూపాయల లోపే. నూనెమిల్లు గేటు దగ్గర ఆ కమ్మటి వాసన తగలగానే అన్నయ్య మీద బెంగ ముంచుకొచ్చింది. గుమాస్తా బస్తాలు తూస్తూ, "ఎన్ని గేదెలండీ మీకు?" అన్నాడు. చేపలకని చెప్పాను. "చేపలకా! పాలిస్తాయా ఏంటండీ?" అని పకపకా నవ్వాడు. అన్నయ్య ఉంటే వాడికి అరగంట పాఠం చెప్పి ఉండేవాడు.

అక్కడి నుంచి అద్దంకి వైపు ట్రాలీ ఆటో మాట్లాడుకున్నాను, రెండొందల యాభై. కళ్ళాల్లో ఎండుతున్న మిరపకాయల ఘాటుకి దారంతా తుమ్ములే. డ్రైవర్ మస్తాన్ గారు కొల్లేరు వైపు చేపల చెరువుల్లో రెండేళ్ళు పనిచేశారట. మధ్యాహ్నానికి చెరువు చేరాం. వదిన గట్టు మీది పాక దగ్గరే ఉంది. బస్తాలు దించుతూ మస్తాన్ గారు ఆ పాక పక్కనున్న తొట్టిలోకి చూసి ఆగిపోయారు. అందులో చెక్క నానుతోంది.

"ఇదేందమ్మా, నానబెట్టారు?"

"గేదెలకి రాత్రే నానబెడతాంగా బాబూ, అట్లాగే," అంది వదిన.

"అయ్యో అమ్మా! నానితే ముద్దయిపోద్ది, చెరువులో కట్టే సంచి చిల్లుల్లోంచి బయటికి రాదు. పులిసి కంపు కొడితే చేప దగ్గరికే రాదు. పొడిగా తవుడుతో కలిపి కట్టండి."

వదిన మొహం చిన్నబోయింది. ముగ్గురం కలిసి పొడి మేత కలిపి, చిల్లుల సంచులకి నింపి, నీళ్ళలో పాతిన వెదురు గెడలకి కట్టాం. గట్టు మీద కూర్చున్నాం. నాలుగింటికి ఒక గెడ కదిలింది. తర్వాత ఇంకోటి. ఆ వెంటనే సంచుల చుట్టూ నీళ్ళు కుతకుతలాడాయి. వదిన చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. "మీ అన్నయ్య చూసుంటే ఊరందర్నీ పిలిచేవారు శ్రీనూ."

తర్వాత చాలా ఊళ్ళు తిరిగాను గానీ, ఆ సాయంత్రం లాంటిది మళ్ళీ ఎదురవలేదు. గెడ కదలగానే అన్నయ్య "ఒరేయ్, చూశావా!" అంటాడని పక్కకి తిరిగాను. ఎంత పిచ్చివాణ్ణి! మీరెవరైనా ఇలాంటి చెరువు చూడాలనుకుంటే సంచులు కట్టే వేళకి, పొద్దున్నే వెళ్ళండి. బండి దూరంగా ఆపి నడవండి, అలికిడైతే చేపలు మేత వదిలేస్తాయి. మా చెరువు కౌలుకి పోలేదు, వదినే చూసుకుంటోంది. అక్కడికే వస్తే గట్టు మీద ఎక్కడైనా కూర్చోండి. గెడలకి ఎదురుగా ఉన్న రాయి మీద మాత్రం వద్దు, అది అన్నయ్యది.