తిరువూరు షెడ్డులో మూడు సాయంత్రాలు

"తిరువూరు వెళ్తే నీ థీసిస్ మీద నా సంతకం ఉండదు," అన్నారు మా గైడుగారు. శుక్రవారం పొద్దున్న ఆరింటికి రైలెక్కాను.

మా విభాగంలో ఖాదర్‌గారు రిటైరయ్యేదాకా వారానికో సాయంత్రం పరిశోధక విద్యార్థులను కూర్చోబెట్టి కణ భౌతికశాస్త్రంలో కొత్త సంగతులు చెప్పేవారు. హాజరు లేదు, పరీక్ష లేదు. ఆయన వెళ్లగానే గైడుగారు ఆ కూర్చోవడాలే ఆపించారు. క్రితం ఏడాది, 1974 నవంబరులో బయటపడ్డ కొత్త కణం గురించి అడిగితే, "ముందు మీ పాత లెక్కలు చూసుకోండి" అన్నారు. ఈలోగా ఖాదర్‌గారి కార్డు వచ్చింది. సొంతూరు తిరువూరులో మూడు సాయంత్రాలు ఆ కణం గురించే మాట్లాడతారట.

ఒంటిగంటకు బెజవాడలో దిగి, స్టేషను ఎదుట పెరుగన్నం తిని, ఒకటిన్నర బస్సు పట్టుకున్నాను. మైలవరం దాటాక పక్కసీటులోని గంపలగూడెం పెద్దావిడ పలకరించింది.

"చదువుకోసం ఇంత దూరమా? మీ ఊళ్లో సార్ చెప్పడా?"

"చెప్పరండీ. వెళ్లొద్దన్నారు కూడా."

"అయితే వెళ్లాల్సిందే," అంటూ సంచిలోంచి మామిడిపండు తీసి నా చేతిలో పెట్టింది.

నాలుగున్నరకు తిరువూరు. బస ఖాదర్ మాస్టారింట్లోనే, వారి భార్య గదిలో. ఆరింటికి అందరం ఆయన తమ్ముడి లారీ షెడ్డులో చేరాం. విద్యార్థులం నలుగురం, ఆడపిల్లను నేనొక్కదాన్నే. రేకు తలుపే నల్లబల్ల. అంత బరువైన కణం అనుకున్నదానికన్నా ఎక్కువసేపు ఎందుకు బతుకుతోంది? ఇంతవరకూ ఎవరూ చూడని నాలుగో రకం క్వార్కు, అంటే కణాల లోపలి కణం, అందులో ఉందా? గ్రీజు వాసనలో ఆ ప్రశ్నలు నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు.

రెండో సాయంత్రం లెక్క మధ్యలో నాకు గైడుగారి టెలిగ్రాం వచ్చింది. వెంటనే రాకపోతే రిజిస్ట్రేషను రద్దు.

మాస్టారు చదివి, చాక్‌పీసు కింద పెట్టేశారు. "పొద్దున్న బస్సుకి వెళ్లిపోమ్మా. నా మూలంగా నీ చదువు పాడవకూడదు."

నేను లేచి తలుపు దగ్గరికి వెళ్లాను.

"సార్, రెండో లైనులో మైనస్ ఉండాలి. అది తేలాకే వెళ్తాను."

ఆయన ఆ లెక్క మళ్లీ చూసుకుని, చొక్కా చేత్తో ఆ లైను తుడిచేశారు.

"మైనసే. మిగతాది నువ్వు చెప్పు."

చెప్పాను. వీధి దీపాలు వెలిగేదాకా చెప్పాను. మూడో సాయంత్రమూ ఉన్నాను.

మాస్టారు మళ్లీ పిలిచినప్పుడు ఎవరైనా వెళ్లదలిస్తే బెజవాడనుంచి బస్సులకు లోటు లేదు. షెడ్డులో ఫ్యాను లేదు, విసనకర్ర తీసుకెళ్లండి. అంత ఉక్కలోనూ నాకు హాయిగా ఊపిరాడింది అక్కడే.

సోమవారం తిరుగు రైల్లో గైడుగారికి ఉత్తరం రాశాను. "మూడు సాయంత్రాలూ ఉన్నాను. రద్దు చేస్తే కారణం కాగితం మీద రాసివ్వండి. మీరు ఆపించిన మాటలు ఈ గురువారం నుంచి క్యాంటీను వెనక మొదలవుతాయి. మొదటిరోజు మాట్లాడేది నేనే. మీరూ రండి."

రెండుసార్లు చదువుకున్నాను. కొట్టెయ్యాల్సిన మాట కనిపించలేదు. తర్వాతి స్టేషనులో దిగి, పోస్టు డబ్బాలో వేసి, కదులుతున్న రైలెక్కాను.