దూది పెట్టిన విరహం

షరీఫా బీకి పిచ్చి పట్టిందని ఆదోనిలో మొదట అనుకున్నది రైల్వే స్టేషన్ కూలీలు. చేతిలో మూటా ముల్లె లేదు, టిక్కెట్టు లేదు, వచ్చేవాళ్లు ఎవరూ లేరు. అయినా రోజూ పొద్దున్నే వచ్చి బెంచీ మీద కూర్చుని, బొంబాయి బండి వెళ్లిపోయాక లేచి ఇంటికి పోయేది. ఎందుకమ్మా అని అడిగితే, ఎదురుచూపు కుట్టాలి, ఎదురుచూడకుండా ఎట్లా కుట్టేదని వాళ్లనే తిరిగి అడిగింది. పాపం, వాళ్లేం చెబుతారు?

దీనికంతటికీ మూలం బట్టల కొట్టు శంకరన్న భార్య కస్తూరమ్మ. ఎమ్మిగనూరు నేతగాళ్ల ఆడపడుచు. డెబ్బై ఆరులోనో ఏడులోనో కుట్టుపని నేర్చుకోవడానికి హైదరాబాదు పోయి, అక్కడినుంచి ఒక వింత పట్టుకొచ్చింది. నెలకొక మాట. వీధి ఆడవాళ్లు ఒక్కొక్కరూ ఆ మాటను మూరెడు బొంత మీద కుట్టి తేవాలి. ఆ బొంత కప్పుకోవడానికి కాదు, పరుచుకోవడానికీ కాదు, బాగా కుదిరినదాన్ని కస్తూరమ్మ ఇంటి గోడకు తగిలించడానికి. బొంతను గోడకు తగిలిస్తే మనుషులు నిలబడి నిద్రపోతారా అని మగవాళ్లు ఎగతాళి చేశారు. ఆడవాళ్లు పట్టించుకోలేదు.

మాట ఇచ్చేది మాత్రం కస్తూరమ్మ అత్త నీలమ్మ. ఆకూ వక్కా నములుతూ కళ్లు మూసుకుని నోటికి ఏదొస్తే అది అనేసేది. ఒక నెల ఉప్పు. ఒక నెల తీరిక. ఒకసారి మాట బదులు తుమ్మింది, ఆ తుమ్మునే కుట్టుకొచ్చిన మహానుభావురాళ్లు కూడా ఉన్నారు.

మిగతావాళ్లు తెలివైనవాళ్లు. వాన అంటే నాలుగు నీలం గీతలు, ఉప్పు అంటే ఒక కుండ, అంతటితో చేతులు దులుపుకునేవాళ్లు. షరీఫా బీకి అది చేతకాదు. మాటను ముందు ఇంట్లోకి తెచ్చుకుని, దానితో కాపురం చేసి, ఆ తర్వాతే సూది పట్టేది. తీరిక నెలలో వంట మానేస్తే మొగుడు రసూల్ సాబ్ ఉడకేసిన శెనక్కాయలతో కడుపు నింపుకున్నాడు. కోపం నెలలో పక్కింటి మారెమ్మతో పనిగట్టుకుని తగాదాకు పోయింది. మారెమ్మ ఆమెను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. తగాదాకు కూడా పనికిరాకపోతినే అని ఇంటికొచ్చి ఏడ్చింది.

ఇంత చేసినా కస్తూరమ్మ ప్రతి బొంతనూ అటూ ఇటూ తిప్పి చూసి, బాగుంది గానీ మాట లోపలికి రాలేదని పక్కన పెట్టేది. షరీఫా బీకి బహుమానం అక్కర్లేదు, పేరు అక్కర్లేదు. 'వచ్చింది' అని కస్తూరమ్మ నోట ఒక్కసారి వినాలి, అంతే.

రసూల్ సాబ్ దూదేకుల మనిషి. ఇంటి ముందు దూది ఏకే విల్లు కట్టుకుని పొద్దు పొడవకముందే టుంయ్ టుంయ్ మని మొదలుపెట్టేవాడు. పెళ్లయిన నాటినుంచీ ఆమె ఆ మోతను తిట్టని రోజు లేదు. ఆయన విననట్టే ఉండి, ఏకిన దూది పిడికెడు తెచ్చి ఆమె పక్కనున్న బుట్టలో వేసేవాడు. దూది పెట్టని బొంత తమ గడప దాటకూడదని వాళ్ల నాయన కాలంనుంచీ కట్టడి. అది ఆయనకు నమాజంత ముఖ్యం.

ఇట్లా ఉండగా ఒక నెల నీలమ్మ కళ్లు మూసుకుని 'విరహం' అన్నది. ఏ హరికథలో విన్నదో ఏమో. ఆడవాళ్లంతా కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. షరీఫా బీ మాత్రం నవ్వకుండా, అంటే ఏమిటని అడిగింది. కస్తూరమ్మ దూలాల వంక చూస్తూ, మొగుడు ఊళ్లో లేనప్పుడు లోపల ఒకటి పుడుతుందిలే, అదీ అని చెప్పింది.

షరీఫా బీ ఇంటికొచ్చేసరికి మొగుడు అన్నం తింటున్నాడు. ఆయన వంక కాసేపు చూసింది.

"నువ్వు హాలహర్విలో మీ అక్క ఇంటికి పో. నువ్వు ఈడుంటే అది రాదు."

"ఎన్నాళ్లు?"

"అది వచ్చిందాకా."

తీరికకే శెనక్కాయలు తిన్నవాడు, ఇక దీనికి ఎదురు చెబుతాడా. విల్లు భుజాన వేసుకుని బస్సెక్కాడు. ఆ విల్లు తగలని తల బస్సులో లేదు.

విరహం రాలేదు. మోత లేకపోయేసరికి షరీఫా బీ బారెడు పొద్దెక్కేదాకా నిద్రపోయింది. మంచమంతా తనదే. మొగుణ్ణి తలుచుకుందామని గోడకు ఎదురుగా కూర్చుంటే గురక తప్ప ఇంకేమీ గుర్తురాలేదు. అక్కడ రసూల్ సాబ్ ఉండబట్టలేక, బస్సు కండక్టరు జయన్నతో వచ్చిందా అని కబురంపాడు. ఇంకా రాలేదని ఈమె జవాబు. కొన్నాళ్లకు హాలహర్వి బస్సు దిగిన ప్రతివాడూ ఆ వీధిలోకి తొంగిచూసి "వచ్చిందామ్మా?" అని అడిగి తన దారిన పోవడం మొదలుపెట్టాడు.

బయటికి నవ్వులాటగానే ఉంది గానీ, ఆమెకు లోపల భయం పట్టుకుంది. ఇన్నేళ్లు కలిసి బతికాను, ఈ మనిషి మీద నాకు ఏమీ లేదా అనుకుంది. నెలాఖరు దగ్గరపడుతుంటే, రాకపోతే పోయిందని ఆయన పాత లుంగీ చింపి కుట్టడానికి కూర్చుంది. పైగుడ్డ, అడుగుగుడ్డ అయ్యాయి. అలవాటుగా పక్కకు చెయ్యి చాపింది. బుట్టలో దూది లేదు. పెళ్లయిన నాటినుంచీ ఆ బుట్ట ఒక్కసారైనా ఖాళీగా లేదని, తాను ఒక్కసారైనా దూది అడగలేదని అప్పుడు తెలిసింది. బుట్టలో చెయ్యి పెట్టుకుని అట్లాగే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ తర్వాత దూది లేకుండానే నాలుగు వైపులా కుట్టేసింది. బొంత అప్పడంలా పలచగా వచ్చింది.

అది వచ్చిందని హాలహర్వి బస్సులో జయన్నతో కబురు పోయింది, మరుసటి బస్సుకు రసూల్ సాబ్ దిగాడు. తెల్లారి ఆమె నీళ్లకు పోయినప్పుడు ముచ్చటపడి బొంత చేతిలోకి తీసుకున్నాడు. లోపల ఏమీ లేదు. నేను లేక నా పెళ్లానికి పిడికెడు దూది దిక్కులేకపోయిందే అని కళ్లనీళ్లు పెట్టుకుని, ఒక పక్క కుట్టు విప్పి, మేలైన దూది ఏకి దండిగా కూరి, మళ్లీ కుట్టి సంచిలో పెట్టేశాడు. చెబితే మంచితనం పోతుందని చెప్పలేదు.

కస్తూరమ్మ ఇంట్లో షరీఫా బీ సంచిలోంచి తీస్తే విరహం పూరీలా పొంగి ఉంది. కస్తూరమ్మ నొక్కి చూసి, మెత్తగా ఉంది, తలకిందికి బాగుంటుందన్నది. ఆ నెల లింగమ్మ కుట్టిన నెమలి గోడకెక్కింది.

దూది లేకపోవడమే విరహమని ఆమె చెప్పేసరికి రసూల్ సాబ్ గబగబా లేచాడు. ఇప్పుడే తీసేస్తానని కత్తెర పట్టుకున్నాడు.

"తీయొద్దులే. తీస్తే నువ్వు మళ్లా హాలహర్వికి పోవాల," అని షరీఫా బీ దాన్ని ఆయన తలకింద పడేసింది.

రసూల్ సాబ్ ఆ విరహం మీద తల పెట్టుకునే పంతొమ్మిదివందల ఎనభై ఆరు దాకా హాయిగా గురకపెట్టాడు. ఆ ఏడు వానలకు ముందు జ్వరమొచ్చి పోయాడు. నలభయ్యో దినం ఫాతేహా చదివించడం అయ్యాక, వచ్చినవాళ్లంతా వెళ్లాక, షరీఫా బీ ఆ బొంత ముందేసుకుని ఒక పక్క కుట్టు విప్పింది. దూది గడ్డలు కట్టి, ఆయన తలనూనె వాసన వేస్తోంది. అంతా తీసి బుట్టలో వేసి, మళ్లీ కుట్టింది.

దాన్ని పట్టుకుని కస్తూరమ్మ ఇంటికి పోయింది. నీలమ్మ పోయి చాలా కాలమయింది. నెలమాటల ఆట ఎప్పుడో మానేశారు, బొంతలు వేలాడిన చోట ఇప్పుడు టీవీ ఉంది. కస్తూరమ్మ కళ్లద్దాలు సవరించుకుని ఎవరా అని చూసింది.

"ఆ నెలది కస్తూరక్కా. ఆలస్యమైంది."

కస్తూరమ్మ బొంతను ఒళ్లో పెట్టుకుని అరచేత్తో మెల్లగా నొక్కింది. పైగుడ్డ కింద అడుగుగుడ్డే చేతికి తగిలింది.

"వచ్చింది షరీఫా," అన్నది.

షరీఫా బీ తలూపి, కొంగుతో ముఖం తుడుచుకుని, ఈ నెల మాట ఏమిటని అడిగింది.